హాస్కెల్ కంపైలర్లలో టైపు నిర్ధారణ భేదాలు

హాస్కెల్ అనే ప్రోగ్రామింగు భాషలో వ్రాసిన ఒకే ప్రోగ్రామునకు వేర్వేరు కంపైలర్లు, లేదా ఒకే కంపైలరు యొక్క వేర్వేరు విడుదలలు, ఒక్కొక్కప్పుడు వేర్వేరు టైపులను నిర్ధారిస్తాయి. ఒక కంపైలరు అంగీకరించిన ప్రోగ్రామును మరొకటి తిరస్కరించడానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి. ఈ కంపైలర్లన్నిటికీ మూలమైన గణిత పద్ధతి ఒక్కటే. దానిని హిండ్లీ-మిల్నర్ పద్ధతి అంటారు. భేదాలు ఆ మూలపద్ధతిలో లేవు. దాని చుట్టూ చేర్చిన నిబంధనలలో, విస్తరణలలో, ప్రామాణిక లైబ్రరీలో వచ్చిన మార్పులలో ఉన్నాయి. పాత పాఠ్యపుస్తకంలోని ప్రోగ్రామును నేటి కంపైలరుకు ఇచ్చి, దోష సందేశం వచ్చినపుడు తప్పు తనదేనని భావించే విద్యార్థికి ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

ఈ వ్యాసంలో ప్రమేయాల పేర్లు, టైపుల పేర్లు కూడా తెలుగు లిపిలోనే వ్రాయబడినవి.

టైపు, టైపు నిర్ధారణ

ప్రోగ్రాములో ప్రతి విలువకు ఒక టైపు, అనగా ఒక రకం, ఉంటుంది. పూర్ణాంకాలకు ఇంట్, ఇంటీజర్ అనే టైపులు కలవు. దశాంశ సంఖ్యలకు డబుల్, అక్షరాల వరుసకు స్ట్రింగ్ అనేవి ఉన్నాయి. సంఖ్యతో అక్షరాల వరుసను గుణించబోవడం వంటి తప్పులను ప్రోగ్రాము నడవకముందే పట్టుకోవడం టైపుల ప్రయోజనం.

సీ, జావా వంటి భాషలలో సంప్రదాయంగా ప్రతి చలరాశి టైపును ప్రోగ్రామరే ప్రకటించాలి. హాస్కెల్‌లో చాలా చోట్ల ఆ అవసరం లేదు. చలరాశిని ఎలా వాడారో చూచి కంపైలరే దాని టైపును రాబడుతుంది. దీనినే టైపు నిర్ధారణ లేదా టైప్ ఇన్ఫరెన్స్ అంటారు. ప్రోగ్రామరు కోరుకుంటే టైపును తానే వ్రాయవచ్చును. అలా వ్రాసిన ప్రకటనను టైప్ సిగ్నేచరు అంటారు.

చరిత్ర

1965లో జాన్ అలాన్ రాబిన్‌సన్ ఏకీకరణ అనే పద్ధతిని ప్రకటించాడు. రెండు పదాలు సమానం కావాలంటే వాటిలోని అవ్యక్త రాశులకు ఏ విలువలు ఇవ్వాలో ఈ పద్ధతి కనుగొంటుంది. 1969లో రోజర్ హిండ్లీ తర్కశాస్త్ర రంగంలోనూ, 1978లో రాబిన్ మిల్నర్ ప్రోగ్రామింగు భాషల రంగంలోనూ దానిని టైపుల నిర్ధారణకు ఉపయోగించారు. 1982లో లూయిస్ డమాస్, మిల్నర్ కలిసి ఈ పద్ధతికి ఒక ముఖ్య లక్షణాన్ని నిరూపించారు. ఒక ప్రమేయానికి టైపు సాధ్యమైతే, మిగిలిన టైపులన్నీ దేనికి ప్రత్యేక సందర్భాలో అటువంటి ఒకే విస్తృతమైన టైపు దానికి ఉంటుంది. దానిని ప్రధాన టైపు అంటారు.

హాస్కెల్ భాషా సంఘం 1987లో ఏర్పడింది. అమెరికా తర్కశాస్త్రవేత్త హాస్కెల్ బ్రూక్స్ కర్రీ పేరు ఈ భాషకు పెట్టబడింది. మొదటి నివేదిక 1990లో వెలువడింది. స్థిరమైన ప్రమాణంగా హాస్కెల్ 98 నివేదిక 1999లోను, దాని సవరణ 2003లోను, హాస్కెల్ 2010 నివేదిక 2010లోను వచ్చాయి. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ ప్రతిపాదించిన టైప్ క్లాసులు హాస్కెల్‌లో హిండ్లీ-మిల్నర్ పద్ధతికి ముఖ్యమైన చేర్పు. కంపైలర్ల మధ్య భేదాలలో ఎక్కువ భాగం ఈ క్లాసుల చుట్టూనే వచ్చాయి.

నిర్ధారణ జరిగే విధానం

నిజామాబాదు జిల్లా బోధన్ వైపు చెరకు రైతులకు పరిచితమైన ఒక లెక్కను తీసుకుందాం. కాంటా మీద తూచిన చెరకు బరువును టన్ను ధరతో గుణిస్తే రైతుకు రావలసిన సొమ్ము వస్తుంది. దీనిని హాస్కెల్‌లో ఒక ప్రమేయంగా వ్రాస్తే ఇలా ఉంటుంది:

సొమ్ము బరువు ధర = బరువు * ధర

ఇక్కడ టైపులేవీ ప్రకటించలేదు. కంపైలరు ఈ క్రింది విధంగా ఆలోచిస్తుంది.

1. బరువు టైపు అ అనుకొందాం. ధర టైపు ఆ, ఫలితం టైపు ఇ అనుకొందాం. మూడూ అవ్యక్త రాశులు.
2. గుణకారపు గుర్తుకు లైబ్రరీలో ఉన్న టైపు క → క → క. అనగా రెండు రాశులూ, వాటి లబ్ధమూ ఒకే టైపువి కావాలి. ఆ క అనేది నమ్ అనే క్లాసులో, అంటే సంఖ్యల క్లాసులో, సభ్యత్వం కలిగి ఉండాలి.
3. కనుక అ = క, ఆ = క, ఇ = క అనే మూడు సమీకరణాలు ఏర్పడతాయి.
4. వీటిని సాధిస్తే సొమ్ము అనే ప్రమేయం టైపు నమ్ క ⇒ క → క → క అని వస్తుంది.

పదవ తరగతి విద్యార్థి సమీకరణాలు సాధించే తీరుకు ఇది భిన్నమైనది కాదు. ఇందులో సంఖ్యలకు బదులు టైపులు ఉన్నాయి. పై ఫలితం బహురూప టైపు. అదే ప్రమేయాన్ని పూర్ణాంకాలకూ, దశాంశాలకూ వాడవచ్చును. అయితే ఒకే పిలుపులో బరువును డబుల్‌గాను, ధరను ఇంట్‌గాను ఇవ్వడానికి వీలులేదు. హాస్కెల్ ఒక సంఖ్యా టైపును మరొక దానిలోనికి తనంతట తాను మార్చదు. ఇంతవరకు హాస్కెల్ ప్రమాణాన్ని పూర్తిగా పాటించే కంపైలర్లన్నీ ఏకీభవిస్తాయి.

ముఖ్య కంపైలర్లు

* జీహెచ్‌సీ: గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైనది. సైమన్ పేటన్ జోన్స్ దీని ముఖ్య రూపకర్తలలో ఒకరు. దీనితో పాటు వచ్చే సంభాషణా రూపాన్ని జీహెచ్‌సీఐ అంటారు.
* హగ్స్: మార్క్ జోన్స్ రూపొందించిన గోఫర్ నుండి పుట్టినది. ఇది ప్రోగ్రామును వెంటనే నడిపి చూపే ఇంటర్‌ప్రెటరు. చిన్నది, వేగంగా మొదలయ్యేది కనుక తరగతి గదులలో బాగా వాడుకలో ఉండేది. చివరి విడుదల 2006లో వచ్చింది.
* హెచ్‌బీసీ: స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో లెన్నర్ట్ ఆగస్ట్‌సన్ నిర్మించినది.
* ఎన్‌హెచ్‌సీ98: నిక్లాస్ రోయెమో నిర్మించిన కంపైలరుకు యార్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన కొనసాగింపు.
* హీలియం: నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోసం తయారైనది. 2003లో దీనిపై పరిశోధన పత్రం వెలువడింది.
* యూహెచ్‌సీ: ఇదియు ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానిదే.
* మైక్రోహెచ్ఎస్: ఆగస్ట్‌సన్ ఇటీవలి కాలంలో నిర్మించిన చిన్న కంపైలరు.

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది జీహెచ్‌సీ. కనుక ఒకప్పుడు కంపైలర్ల మధ్య కనిపించిన భేదాలు ఇప్పుడు ఎక్కువగా జీహెచ్‌సీ విడుదలల మధ్య కనిపిస్తున్నాయి.

భేదాలు

మోనోమార్ఫిజం నిబంధన

కలుపు = (+) అని ఒక నిర్వచనం వ్రాశామనుకొందాం. ఎడమవైపు పేరు తప్ప ప్రమేయపు రాశులేవీ లేవు. సిగ్నేచరు కూడా లేదు. ఇటువంటి నిర్వచనానికి క్లాసు షరతుతో కూడిన బహురూప టైపును ఇవ్వరాదని హాస్కెల్ 98 చెబుతుంది. దీనికి మోనోమార్ఫిజం నిబంధన అని పేరు. అందువలన కలుపు అనే పేరును ఒకే ఫైలులో ఒకచోట ఇంటీజర్‌కు, మరొకచోట డబుల్‌కు వాడితే దోషం వస్తుంది. కలుపు ప ఫ = ప + ఫ అని రాశులతో వ్రాస్తే ఈ నిబంధన వర్తించదు.

ఈ నిబంధన పెట్టడానికి కారణం ఉన్నది. బహురూపంగా ఉన్న విలువ నిజానికి ఒక ప్రమేయం వలె పనిచేస్తుంది. ఒకసారి లెక్కించి దాచుకోవలసిన విలువను వాడిన ప్రతిసారీ మళ్ళీ లెక్కించవలసి రావచ్చును. 2014లో వచ్చిన జీహెచ్‌సీ 7.8 నుండి, జీహెచ్‌సీఐ ప్రాంప్టు వద్ద టైపు చేసే నిర్వచనాలకు ఈ నిబంధనను మామూలుగా తొలగించారు. ఫైలులో వ్రాసిన నిర్వచనాలకు అది అలాగే ఉన్నది. కనుక ప్రాంప్టు వద్ద చక్కగా పనిచేసిన పంక్తి ఫైలులోనికి ఎక్కించగానే తిరస్కరించబడవచ్చును.

డిఫాల్టు టైపులు

ఒక్కొక్కప్పుడు సమీకరణాలన్నీ సాధించిన తరువాత కూడా ఏదో ఒక టైపు తేలకుండా మిగిలిపోతుంది. 2 ను 10వ ఘాతానికి హెచ్చించి ముద్రించమన్నపుడు ఆ 2 ఇంట్ అయినా కావచ్చు, డబుల్ అయినా కావచ్చు. అటువంటపుడు మొదట ఇంటీజర్‌ను, అది కుదరకపోతే డబుల్‌ను తీసుకోవాలని హాస్కెల్ 98 నియమం. అయితే మిగిలిన షరతులలో కనీసం ఒకటి సంఖ్యలకు సంబంధించిన క్లాసు కావాలి. షరతులన్నీ ప్రామాణిక క్లాసులకే చెందాలి.

ఖాళీ జాబితాను షో అనే ప్రమేయంతో ముద్రించమంటే ఆ జాబితాలో ఏ టైపు వస్తువులు ఉండవలసినదో తెలియదు. సంఖ్యల ప్రసక్తి కూడా లేదు. కనుక హగ్స్‌లోను, జీహెచ్‌సీ ఫైలులోను ఇది సందిగ్ధ దోషం. జీహెచ్‌సీఐ ప్రాంప్టు వద్ద మాత్రం విస్తరించిన డిఫాల్టు నియమాలు అమలులో ఉంటాయి. అందుచేత అక్కడ ఖాళీ జాబితా ఏ అభ్యంతరమూ లేకుండా ముద్రితమవుతుంది.

క్లాసుల అమరికలో మార్పులు

హాస్కెల్ 98 ప్రకారం నమ్ క్లాసుకు చెందిన ప్రతి టైపు ఈక్యూ, షో అనే క్లాసులకు కూడా చెంది తీరాలి. ఈక్యూ సమానత్వాన్ని పోల్చడానికి, షో ముద్రించడానికి ఉద్దేశించినవి. ఒక సంఖ్య సున్నా అవునో కాదో చెప్పే ప్రమేయానికి నమ్ క ⇒ క → బూల్ అని సిగ్నేచరు వ్రాస్తే ఆనాడు సరిపోయేది. 2012లో వచ్చిన జీహెచ్‌సీ 7.4 తో నమ్ క్లాసు నుండి ఆ రెండు షరతులను తొలగించారు. అప్పటినుండి అదే ప్రమేయానికి ఈక్యూ, నమ్ అనే రెండు షరతులూ నిర్ధారించబడుతున్నాయి. పాత సిగ్నేచరు చాలదని కంపైలరు తిరస్కరిస్తుంది. హగ్స్‌లో అదే సిగ్నేచరు చెల్లుతుంది.

2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10 లో మరొక మార్పు జరిగింది. జాబితా పొడవును చెప్పే లెంగ్త్, మొత్తాన్ని చెప్పే సమ్ వంటి ప్రమేయాలు అంతకుముందు జాబితాలకే పరిమితం. ఆ విడుదల నుండి అవి ఫోల్డబుల్ అనే క్లాసుకు చెందిన ఏ నిర్మాణానికైనా వర్తిస్తున్నాయి. విద్యార్థి లెంగ్త్ టైపును అడిగితే పుస్తకంలో ఒక సమాధానం, తెరమీద వేరొకటి కనిపించడానికి కారణం ఇదే. గ్రాహం హటన్ రచించిన ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్ పాఠ్యపుస్తకం 2007 ముద్రణలో హగ్స్‌ను, 2016 నాటి రెండవ ముద్రణలో జీహెచ్‌సీని ఆధారంగా చేసుకున్నది.

స్థానిక నిర్వచనాలు

ఒక ప్రమేయం లోపల మరొక చిన్న ప్రమేయాన్ని నిర్వచించుకోవచ్చు. హిండ్లీ-మిల్నర్ పద్ధతిలో అటువంటి లోపలి ప్రమేయానికి కూడా బహురూప టైపు వస్తుంది. రైతు అనే రాశిని తీసుకునే ప్రమేయం లోపల జత వ = (రైతు, వ) అని వ్రాసి, దానిని ఒకసారి సంఖ్యకు, ఒకసారి స్ట్రింగ్‌కు వాడితే హాస్కెల్ 98 ప్రకారం అది సరైనదే.

2010లో వచ్చిన జీహెచ్‌సీ 7.0 లో టైపు నిర్ధారణ భాగాన్ని తిరిగి నిర్మించారు. జీఏడీటీలు, టైప్ ఫ్యామిలీలు అనే విస్తరణలను కోరిన ఫైలులో, బయటి ప్రమేయపు రాశులను వాడుకునే లోపలి నిర్వచనాలకు బహురూప టైపు తనంతట తాను రాదు. పై ఉదాహరణలో జత అనేది రైతు అనే బయటి రాశిని వాడుకొన్నది కనుక, సిగ్నేచరు లేనిదే రెండు టైపులకు పనికిరాదు. ఆ విస్తరణలు ఉన్నపుడు లోపలి నిర్వచనాలను విస్తృతం చేయడం పద్ధతిని క్లిష్టం చేస్తుందనీ, ప్రోగ్రామర్లకు దాని అవసరం అరుదనీ వైటినియోటిస్, పేటన్ జోన్స్, స్రైవర్స్ 2010లో ఒక పత్రంలో వాదించారు.

తనను తాను పిలుచుకునే ప్రమేయాలు

ఒక ప్రమేయం తనను తాను వేరొక టైపు వద్ద పిలుచుకుంటే దానిని బహురూప పునరావృత్తి అంటారు. ఇటువంటి వాటికి టైపును కచ్చితంగా నిర్ధారించే యాంత్రిక పద్ధతి ఏదీ ఉండజాలదని 1993లో నిరూపితమైనది. కనుక హాస్కెల్ 98 దీనిని సిగ్నేచరు ఉన్నపుడు మాత్రమే అనుమతిస్తుంది. ఇది ఒక కంపైలరు లోపం కాదు. గణితం విధించిన హద్దు.

ఒకదానినొకటి పిలుచుకునే రెండు ప్రమేయాల విషయంలో ప్రమాణమే మారింది. హాస్కెల్ 98 ఆ రెండింటినీ ఒకే జట్టుగా తీసుకొని కలిపి నిర్ధారిస్తుంది. హాస్కెల్ 2010 లో సిగ్నేచరు ఉన్న ప్రమేయాన్ని జట్టు నుండి విడదీస్తారు. రెండవదాని టైపు ముందుగా తేలుతుంది. అందువలన మునుపటికంటే ఎక్కువ ప్రోగ్రాములు అంగీకరించబడతాయి.

ప్రమేయాన్ని రాశిగా తీసుకునే బహురూప టైపులు

ఒక ప్రమేయం, బహురూపంగా ఉన్న మరొక ప్రమేయాన్నే రాశిగా తీసుకోవచ్చు. ఈ అమరిక ఎన్ని అంతస్తులు లోపలికి పోతే అంత ఎక్కువ శ్రేణి అంటారు. హిండ్లీ-మిల్నర్ పద్ధతి మొదటి శ్రేణికి పరిమితం. హగ్స్ తన విస్తరణలలో రెండవ శ్రేణి వరకు అనుమతించింది. జీహెచ్‌సీ ఎంత శ్రేణినైనా సిగ్నేచరు సహాయంతో స్వీకరిస్తుంది.

ఇక్కడ జీహెచ్‌సీ విడుదలల మధ్యనే భేదం వచ్చింది. 2021లో వచ్చిన 9.0 విడుదలలో, లోపలి అంతస్తులలోని టైపులను తనంతట తాను సర్దుబాటు చేసే సౌకర్యాన్ని తొలగించారు. దానితో అంతకుముందు సరిగా నడిచిన కొన్ని ప్రోగ్రాములలో ప్రమేయం పేరును మాత్రమే ఇచ్చిన చోట రాశులతో సహా విడమరచి వ్రాయవలసి వచ్చింది. 2022లో 9.2.4 విడుదలతో పాత ప్రవర్తనను కోరుకునే వారికి ఒక విస్తరణ రూపంలో దానిని తిరిగి ఇచ్చారు.

హీలియం, మైక్రోహెచ్ఎస్

తొలినాటి హీలియంలో టైప్ క్లాసులు లేవు. దోష సందేశాలు విద్యార్థులకు సులభంగా అర్థం కావాలన్న ఉద్దేశంతో వాటిని విడిచిపెట్టారు. కూడిక గుర్తు ఇంట్ సంఖ్యలకే పనికివచ్చేది. దశాంశాలకు చుక్కతో కూడిన వేరే గుర్తు ఉండేది. కనుక రెట్టింపు వ = వ + వ అనే నిర్వచనానికి హగ్స్, జీహెచ్‌సీలు నమ్ క ⇒ క → క అని చెప్పగా, హీలియం ఇంట్ → ఇంట్ అని చెప్పేది. తొలినాటి మైక్రోహెచ్ఎస్ బహురూప టైపులను తనంతట తాను నిర్ధారించేది కాదు. అవి కావలసిన చోట సిగ్నేచరు వ్రాయవలసి ఉండేది.

సమాధానమే మారే సందర్భం

పై భేదాలలో చాలావరకు ప్రోగ్రామును అంగీకరించడానికో తిరస్కరించడానికో సంబంధించినవి. తిరస్కరణ కంటికి కనిపిస్తుంది కనుక దిద్దుకోవచ్చును. కనబడకుండా సమాధానం మారిపోవడం అంతకంటె ప్రమాదకరం.

ఇంటీజర్ టైపు సంఖ్యకు హద్దు లేదు. ఇంట్ టైపుకు హద్దు ఉన్నది. ఇంట్ కనీసం −2^29 నుండి 2^29 − 1 వరకు, అనగా 53,68,70,911 వరకు, సంఖ్యలను పట్టగలిగితే చాలునని హాస్కెల్ 98 నివేదిక చెబుతుంది. మిగిలినది కంపైలరు ఇష్టం. 64 బిట్ల యంత్రంపై జీహెచ్‌సీ 64 బిట్లను వాడుతుంది. 32 బిట్ల యంత్రంపై 32 బిట్లను వాడుతుంది. 32 బిట్లలో గరిష్ఠ సంఖ్య 214,74,83,647.

ఉదాహరణకు ఒక్కొక్కటి ఒక టన్నుకు చెందిన 2,00,000 కాంటా చీటీలు ఒక జాబితాలో ఉన్నాయనీ, టన్ను ధర 3,000 రూపాయలు అనగా 3,00,000 పైసలనీ ఊహిద్దాం. లెంగ్త్ చీటీలు * ధర అని వ్రాస్తే, లెంగ్త్ ఫలితం ఇంట్ కనుక, ఏకీకరణ వలన ధర, మొత్తం సొమ్ము కూడా ఇంట్ అవుతాయి. టైపును ఎవరూ ప్రకటించలేదు. లెంగ్త్ అనే ఒక్క మాట నుండి అది లెక్క అంతటికీ ప్రాకింది. నిజమైన సమాధానం 6,000 కోట్ల పైసలు. 64 బిట్ల ఇంట్‌లో ఇది సరిగా వస్తుంది. 32 బిట్ల ఇంట్‌లో చుట్టు తిరిగి −12,95,42,144 అని వస్తుంది. దోష సందేశం ఏదీ రాదు.

అదే లెక్కలో లెంగ్త్ వాడకుండా 200000 అనే సంఖ్యను నేరుగా వ్రాసి ముద్రిస్తే, డిఫాల్టు నియమం వలన ఇంటీజర్ నిర్ధారణ అయి, ఏ యంత్రంపైనైనా సరైన సమాధానం వస్తుంది. రెండు కంపైలర్లూ ఇక్కడ ఒకే టైపును నిర్ధారించాయి. ఆ టైపుకు వారు ఇచ్చిన పరిమాణం వేరు. ఫలితం ఇంటీజర్ అని సిగ్నేచరు వ్రాస్తే లెంగ్త్ వద్ద కంపైలరు అభ్యంతరం తెలుపుతుంది. అపుడు ఫ్రమ్‌ఇంటెగ్రల్ అనే ప్రమేయంతో మార్పిడి చేయాలని ప్రోగ్రామరుకు తెలుస్తుంది.

దోష సందేశాలలో భేదం

రెండు కంపైలర్లు ఒకే ప్రోగ్రామును తిరస్కరించినా, తప్పు ఉన్న చోటును వేర్వేరుగా చూపవచ్చు. సమీకరణాలను ఏ క్రమంలో సాధిస్తారన్నది కంపైలరుపై ఆధారపడుతుంది. ఒక చలరాశిని ముందు సంఖ్యగా, తరువాత స్ట్రింగ్‌గా వాడితే తప్పు ఈ రెండింటిలో దేనిది? వైరుధ్యం బయటపడిన చోటును కంపైలరు చూపుతుంది. అసలు తప్పు వేరొక పంక్తిలో ఉండవచ్చు. ఈ సమస్యపై మిచెల్ వాండ్ 1986లో ఒక పత్రం ప్రచురించాడు. హీలియం నిర్మాతలు సమీకరణాలన్నిటినీ ముందు సేకరించి, తరువాత తగిన క్రమంలో సాధించే పద్ధతిని అనుసరించారు.

తెలుగు ప్రాంతానికి ఈ పరిశోధనతో సంబంధం ఉన్నది. తరువాతి కాలంలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో అధ్యాపకుడిగా పనిచేసిన వెంకటేష్ చొప్పెల్ల, 2002లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ విషయంపైననే. ఏకీకరణ జరుగుతున్నపుడు ప్రతి సమీకరణం ప్రోగ్రాములోని ఏ భాగం నుండి వచ్చినదో గుర్తుపెట్టుకొని, వైరుధ్యం ఏర్పడినపుడు దానికి కారణమైన భాగాలను వెలికితీయడం ఆ గ్రంథంలోని విషయం.

సిగ్నేచరు ప్రాముఖ్యం

పై భేదాలలో అనేకం ఒక్క పద్ధతితో తొలగిపోతాయి. పైస్థాయి నిర్వచనాలన్నిటికీ, బహురూపంగా వాడదలచిన లోపలి నిర్వచనాలకూ సిగ్నేచరు వ్రాయడమే ఆ పద్ధతి. సిగ్నేచరు ఉన్నచోట మోనోమార్ఫిజం నిబంధన వర్తించదు. ఆ నిర్వచనపు టైపును డిఫాల్టు నియమాలు తమ ఇష్టప్రకారం మార్చజాలవు. జీహెచ్‌సీలో సిగ్నేచరు లేని పైస్థాయి నిర్వచనాలను చూపే హెచ్చరిక కూడా కలదు.

అయితే సిగ్నేచరు అన్నిటికీ మందు కాదు. నమ్ క్లాసు ఉదాహరణలో చెడిపోయినది సిగ్నేచరు ఉన్న ప్రోగ్రామే. పాత పుస్తకంలోని ప్రోగ్రాము తిరస్కరించబడినపుడు ఆ పుస్తకం ఏ కంపైలరును, ఏ సంవత్సరపు విడుదలను ఉద్దేశించి వ్రాయబడినదో ముందుగా చూడాలి. ఆ తరువాత సిగ్నేచరును తాత్కాలికంగా తీసివేసి, నేటి కంపైలరు ఏ టైపును నిర్ధారిస్తున్నదో జీహెచ్‌సీఐ ప్రాంప్టు వద్ద అడిగి, ఆ రెండింటినీ పోల్చి చూస్తే మార్పు ఎక్కడ జరిగినదో చాలావరకు తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* ప్రోగ్రామింగు భాష
* కంపైలరు
* హాస్కెల్ కర్రీ
* రాబిన్ మిల్నర్
* లాంబ్డా కలనగణితం